అడుగు గొంతు

మా పాటకి మూడు గొంతులు కావాలి.
పై గొంతు ఓతియాది, ఎటు గాలి వీస్తే అటు ఎగురుతుంది.
నడిమి గొంతు జొందోది, మాటలన్నీ వాడివే.
సగం మాటలకి అర్థం లేదు,
ద్రాక్ష తొక్కేటప్పుడు కాలు జారకుండా
ఎవరో ఎప్పుడో అనుకున్న అక్షరాలట.
అడుగు గొంతు నాది.
నా వాటాకి వచ్చింది ఒక్క అక్షరం, "ఓ".
దాన్నే రెండు మెట్లు పైకీ కిందికీ జరుపుతూ
ముప్పై ఏళ్ళు గడిపేశాను.

తెల్లవారుజామున నాలుగింటికి
కుతాయిసిలో మెలకువగా ఉండేది
నేనూ, వంతెన కింద నదీ.
పొయ్యి మట్టిబావిలా ఉంటుంది.
నడుము దాకా లోపలికి వంగి
కాలే గోడకి పిండిని చరిచి అంటించి
ఊపిరి అందకముందే బయటపడాలి.
వంగిన ప్రతిసారీ నోట్లోంచి అదే వస్తుంది.
పొయ్యి దాన్ని పట్టుకుని కాసేపు మోగుతుంది.
పడవల్లాంటి రొట్టెలు
నాకిష్టమైన పాట వింటూ కాలతాయి,
పాటలో మూడో వంతు.

పై గొంతు ఒంటరిగా పాడినా అందంగానే ఉంటుంది.
నడిమి గొంతు ఒంటరిగా పాడితే కథైనా తెలుస్తుంది.
అడుగు గొంతు ఒక్కటే వినిపిస్తే
పాపం పన్ను నొప్పేమో అనుకుంటారు.

ఇంట్లో గిన్నెలు కడుగుతున్నా అదే.
"ఫ్రిజ్ మోగుతోందనుకున్నాను" అంది లమారా.
నవ్వేశాను గానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు.
ఫ్రిజ్ మోత మనకి ఎప్పుడు వినిపిస్తుంది?
ఆగిపోయినప్పుడే కదా.

మా నినికో లెక్కల్లో తప్పిన ఏడాది
పక్కన కూర్చున్నాను, అంతే.
అది ఏడ్చింది, పుస్తకాల్ని తిట్టింది, నన్నూ తిట్టింది,
ఆవిరి పట్టిన కిటికీ మీద వేలితో ఏదో రాసి చెరిపేసింది.
నేను నా అక్షరం మీద ఉండిపోయాను.
ఇప్పుడు ఆ సంగతి వస్తే
"ఆ రోజు నువ్వెంత మాట్లాడావో నాన్నా" అంటుంది.
నేను కాదనలేదు.

ఓతియాకీ జొందోకీ మాటల్లేక రెండేళ్ళు.
గ్యారేజీ గోడ నాలుగు వేళ్ళు ఇటు జరిగిందని ఒకడు,
లేదు, అటే జరిగిందని ఇంకొకడు.
ఓతియాకి కారు లేదు.
జొందో గ్యారేజీలో ఖాళీ సీసాలూ
చక్రం లేని ఒక సైకిలూ ఉన్నాయి.
నాలుగు వేళ్ళ మేర మా పాట పూడుకుపోయింది.
ఇద్దరికీ నేను చెప్పగలిగింది ఏముంది?
నాకున్నది ఒక్క అక్షరమాయె.

ఏడుంబావుకి జొందో రొట్టెకి వస్తాడు.
మొన్న గురువారం వాన, దుకాణంలో ఇంకెవరూ లేరు.
నేను పొయ్యిలోకి వంగి ఉన్నాను.
వెనకనుంచి నడిమి గొంతు,
చేతిలో చిల్లర లెక్కపెడుతూ, వాడికే తెలియకుండా.
వీపు మీద ఎండ పడ్డట్టయింది.
తల తిప్పితే ఆగిపోతాడేమోనని
రొట్టె మాడుతున్నా అలాగే వంగి ఉన్నాను.
పై గొంతు ఎత్తుకోవలసిన చోటికి వచ్చి
ఇద్దరం ఆగాం.
ఆ ఖాళీ ఎంతసేపుండాలో కూడా మాకు కంఠతా వచ్చు.
వాడు మాడిన రొట్టే తీసుకుని వెళ్ళిపోయాడు.

మా లిఫ్టు నాణెం వేస్తేనే కదులుతుంది.
నిన్న రాత్రి అందులో ఓతియా నిలబడి
చొక్కా జేబూ ప్యాంటు జేబూ తడుముకుంటున్నాడు.
నేను నాణెం వేశాను.
మోటారు నా శ్రుతికి రవ్వంత కింద మోగింది.
నేనూ దిగి దానితో కలిశాను,
కావాలని కాదు, అలవాటు.
ఓతియా బల్బు వైపు చూశాడు.
మూడో అంతస్తు. నాలుగు.
గొంతు సవరించుకున్నాడు.

ఐదో అంతస్తులో తలుపు తెరుచుకుంది.
ఒక కాలు బయట పెట్టి అడిగాడు,
"పొద్దున రొట్టె ఎన్నింటికి తీస్తావు?"
ముప్పై ఏళ్ళుగా వాడికి తెలిసిన సంగతే.
నాలుగున్నర నుంచీ తీస్తూనే ఉంటాను.
"ఏడుంబావుకి" అన్నాను.